పక్కలు తగ్గించిన బొమ్మ

ఆ టీవీ మా ఇంటికి మామిడికాయల వ్యానులో వచ్చింది. కాయ దించడానికి విజయవాడ వైపు వెళ్లిన వ్యాను తిరుగుదారిలో ఖాళీగా వస్తుంది కాబట్టి, అందులో మిగిలిన ఎండుగడ్డి సర్ది, దాని మీద సెట్టును నిలబెట్టి, రెండు వైపులా తాళ్లు కట్టి తిరువూరు చేర్చాను. ఏదో హోటల్ వాళ్లు తమ ఫంక్షన్ హాల్లోంచి తీసేసిన రియర్ ప్రొజెక్షన్ టీవీ అది. తెర వెడల్పు నలభై నాలుగు అంగుళాలకు గీత తక్కువ, ఎత్తు ఇరవై నాలుగున్నర, లోతు రెండడుగుల పైమాట, మోయడానికి నలుగురు మనుషులు. మా గుమ్మం వెడల్పు ముందే కొలుచుకుని వెళ్లాను. తలుపు రెక్క ఊడదీస్తే అంగుళమున్నర మిగలాలి. మిగిలింది.

నాన్న కోసం తెచ్చాను. ఆ తర్వాత మూడేళ్లలో నాన్న చూపు పక్కల నుంచి మధ్యకు కొంచెం కొంచెంగా పోతూ వచ్చింది. ఆ మూడేళ్లూ నేను టీవీని బాగు చేస్తూ కూర్చున్నాను. చెప్పవలసింది ఇంతే. మిగిలినదంతా ఎలా జరిగిందన్న వివరం.

నాన్న హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. టీవీ వచ్చేనాటికి రిటైరై ఏడాది అయింది. వాలీబాల్ ఆడించేవాడు, చుట్టుపక్కల పోటీలు జరిగితే రిఫరీగా ఆయన్నే పిలిచేవాళ్లు. ఇంట్లో మాత్రం క్రికెట్టు. పాత పద్నాలుగు అంగుళాల సెట్టులో బంతి కనపడటం లేదని గొణిగేవాడు. టీవీలు బాగు చేసేవాడి ఇంట్లో బంతి కనపడే టీవీ లేదని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. అప్పట్లో అది నన్ను ఎగతాళి చెయ్యడమే అనుకున్నాను. ఇప్పుడు ఆ మాటను కూడా మళ్లీ తీసి చూసుకుంటున్నాను.

నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివి, బస్టాండుకు వెళ్లే రోడ్డులో రిపేరు షాపు పెట్టుకున్నాను. ఈ రకం టీవీ గురించి పుస్తకాల్లో చదివాను గాని మా ప్రాంతంలో ఎవరింట్లోనూ చూడలేదు. మామూలు టీవీలో ఒకటే పెద్ద పిక్చర్ ట్యూబు ఉంటుంది. ఇందులో అడుగున మూడు చిన్న ట్యూబులుంటాయి: ఎరుపు, ఆకుపచ్చ, నీలం. మూడూ పైకి చూస్తూ, వెనకాల ఏటవాలుగా ఉన్న అద్దం మీదికి బొమ్మను కొడతాయి. అద్దం దాన్ని తెర మీదికి వెనక నుంచి పంపుతుంది. మూడు రంగుల బొమ్మలూ తెర మీద అచ్చంగా ఒకదాని మీద ఒకటి పడాలి. లేకపోతే ప్రతి మనిషి పక్కనా ఎర్రటి నీడ ఒకటి నిలబడుతుంది.

దీనికున్న లోపాలన్నీ కొనక ముందే నాకు తెలుసు. నిలబడి చూస్తే బొమ్మ నల్లబడుతుంది. పక్కకు కూర్చుంటే మసకబారుతుంది. కిటికీ తెరిచి ఉంటే ఏమీ కనపడదు. ట్యూబుల ముందు వేడి తగ్గించడానికి పోసిన ద్రవం కొన్నేళ్లకు మబ్బు పడుతుంది. అంచుల్లో బొమ్మ కొంత తెర బయటికి పోతుంది, మధ్యలో ఉన్నంత వెలుగు అంచుల్లో ఎప్పుడూ ఉండదు. ఇవన్నీ తెలియకపోయి ఉంటే బాగుండేది. ఏమీ తెలియనివాడైతే నాన్న మొదటిసారి ఫిర్యాదు చేసినప్పుడే ఎవరినైనా అడిగేవాడు.

మొదటి మ్యాచ్ రోజున మా వీధిలో సగం మంది ముందు గదిలోనే ఉన్నారు. నిలబడ్డవాళ్లకు బొమ్మ నల్లగా కనపడుతోందని గొడవ చేస్తే, నాన్న కుర్చీలోంచే విజిల్ వేసినట్టు నోటితో శబ్దం చేసి అందర్నీ నేల మీద కూర్చోబెట్టాడు. తలుపు దగ్గర నిలబడిన పెద్దాయన ఒకాయన, ఈ టీవీకి కూడా మాస్టారి క్లాసు అలవాటైనట్టుంది, నిలబడ్డవాణ్ణి లెక్కలోకి తీసుకోదు అన్నాడు. ఆ రోజు బంతి కనపడింది. ప్రతి బంతీ కనపడిందని నాన్న మూడు రోజులు చెప్పాడు.

ఆరేడు నెలలకు మొదటి ఫిర్యాదు వచ్చింది.

"ఒరే, స్కోరు వెయ్యడం మానేశారేంట్రా?" అన్నాడు.

స్కోరు ఎడమవైపు పై మూలలో ఉంది. చూపించాను. తల తిప్పి చూసి, మరీ చివరకి పెట్టారని, వెతుక్కోవాల్సి వస్తోందని అన్నాడు.

నాకు నిజంగా సంతోషమేసింది. లక్షణం స్పష్టంగా ఉంది, కారణం కూడా తెలుసు. బొమ్మ అంచులు తెర బయటికి పోతున్నాయి, అందుకే స్కోరు మరీ చివరకు చేరింది. మెకానిక్కులకు మాత్రమే తెలిసే మెనూలోకి వెళ్లి, బొమ్మ వెడల్పు రెండు వైపులా అంగుళం చొప్పున తగ్గించి, దానికి తగ్గట్టు ఎత్తూ తగ్గించాను. వెడల్పు తగ్గిస్తే మూడు రంగులూ చెదిరిపోతాయి. తెర మీద గళ్ల బొమ్మ ఒకటి తెప్పించుకుని, ప్రతి గీత దగ్గరా ఎరుపునీ నీలాన్నీ మళ్లీ ఆకుపచ్చ మీదికి జరపాలి. ఆదివారం పొద్దున మొదలుపెడితే సాయంత్రమైంది. నాన్న చూసి, ఇప్పుడు బాగుందన్నాడు.

షాపులో ప్రతి సెట్టుకూ నోటు పుస్తకంలో ఒక పేజీ ఉంటుంది: తేదీ, ఫిర్యాదు, కారణం, చేసిన పని, ఫలితం. మా ఇంటి సెట్టుకు కూడా పేజీ తెరిచాను. ఫలితం దగ్గర "సరి" అని రాశాను.

అయిదు నెలల తర్వాత ఆ పేజీలోనే రెండో ఫిర్యాదు. నలభై రెండు అంగుళాలున్న బొమ్మను ముప్పై తొమ్మిదికి తగ్గించాను. సరి. మూడోసారి ముప్పై ఆరు. సరి. ప్రతిసారీ కొన్ని నెలలు నిజంగానే బాగుండేది. ఆయన అబద్ధం చెప్పలేదు, నేను పొరపాటుగా రాయలేదు. బొమ్మ చిన్నదైన కొద్దీ ఆయనకు మిగిలిన చూపులో పట్టేది. కొన్నాళ్లకు ఆ చూపు ఇంకొంచెం ఇరుకయ్యేది.

కుర్చీ విషయం కూడా ఉంది. తెరకు ఆరడుగుల దూరంలో, సరిగ్గా మధ్యలో కూర్చుంటే ఈ సెట్టు అన్నిటికంటే బాగా కనపడుతుంది. అందుకని నాన్న ప్లాస్టిక్ కుర్చీ నాలుగు కాళ్లకూ నేల మీద తెల్ల పెయింటుతో గుర్తులు పెట్టాను. షాపు నుంచి వచ్చేసరికి కుర్చీ గుర్తుల వెనకాల ఉండేది. ముందుకు జరిపేవాణ్ణి. మర్నాడు ఇంకా వెనక్కి, దాదాపు గోడకు ఆనుకుని ఉండేది. మళ్లీ జరిపేవాణ్ణి.

"వెనక్కి జరిగితే అంతా ఒకేసారి కనపడుతుందిరా," అన్నాడు ఒకరోజు.

"వెనక్కి జరిగితే బొమ్మ చిన్నదవుతుంది నాన్నా. ఇంత పెద్దది తెచ్చింది దగ్గర కూర్చుని చూడటానికే."

"సర్లే. మెకానిక్కువి నువ్వు," అని కుర్చీ తనే ముందుకు లాక్కున్నాడు.

దూరంగా జరిగితే ఇరుకైన చూపులో ఎక్కువ పడుతుంది. ఆయన శరీరం దాన్ని కనిపెట్టింది. నేను పెయింటు గుర్తులతో దాన్ని సరిదిద్దాను.

అమ్మ ఒకసారి చెప్పింది. ఒక్కసారే, గట్టిగానే చెప్పింది. "మీ నాన్న గుమ్మానికి భుజం కొట్టుకుంటున్నారు, చూశావా? పక్కన పెట్టిన గ్లాసు పక్కనే ఉన్నట్టు తెలీడం లేదు, చెయ్యి తగిలి పడేస్తున్నారు. ఓసారి కళ్లు చూపించరా."

నేను పరీక్ష పెట్టాను. పేపరు తెచ్చి, చివరి పేజీలో అన్నిటికంటే చిన్న అక్షరాల్లో ఉన్న టెండరు ప్రకటన చదవమన్నాను. నాన్న అద్దాలు పెట్టుకుని ఆగకుండా చదివాడు, కింద సంతకం చేసినవాళ్ల హోదాతో సహా. ఈ కళ్లకేం రోగమే అని అమ్మను వెక్కిరించాడు. అంతకు ముందు స్కూల్లో పెట్టిన కంటి శిబిరంలో కూడా అట్ట మీద చివరి వరస దాకా చదివేశాడని గుర్తు చేశాడు. నేను కూడా నవ్వాను. అమ్మ లోపలికి వెళ్లిపోయింది. ఆ విషయం మళ్లీ ఎత్తలేదు.

ఆ ఏడాదిలో నా చెవిన పడినవి ఇంకా ఉన్నాయి. ఎ.కొండూరులో వాలీబాల్ పోటీలకు వెళ్లి, గీత మీద పడిన బంతిని బయటికిచ్చాడని కుర్రాళ్లు గోల చేస్తే, మర్నాటి నుంచి రిఫరీగా వెళ్లడం మానేశాడు. రిఫరీని తిట్టని జట్టు ఎక్కడుంటుందని అనుకున్నాను. విస్సన్నపేట రోడ్డులో పక్క సందులోంచి వచ్చిన షేర్ ఆటోకు స్కూటర్ రాసుకుంది. ఆటోవాళ్లు అంతే అనుకున్నాను. బజార్లో పాత విద్యార్థి పక్క నుంచి నమస్కారం పెడితే పలకలేదట. రిటైరయ్యాక బిగువు పెరిగిందన్నారు. ఒక్కొక్కదానికి ఒక్కొక్క కారణం దొరికింది. ఒకే సెట్టులో నాలుగు లోపాలు కనపడితే నాలుగు చోట్ల వెతకకూడదని, అన్నిటికీ కరెంటు ఇచ్చే ఒక్క చోటు ముందు చూడాలని షాపులో ఎవరికైనా చెబుతాను. ఇంట్లో అది తట్టలేదు.

అప్పటికి బొమ్మ ముప్పై మూడు అంగుళాలకు వచ్చింది. నాలుగు వైపులా నల్లటి పట్టీ. కేబుల్ వైరు సరిచేయడానికి వచ్చినతను చూసి, "ఇంత బీరువాలో అంత బొమ్మేంటన్నా? పాత టీవీని లోపల పెట్టి తలుపేశావా?" అన్నాడు. అందరికంటే ఎక్కువ నాన్నే నవ్వాడు. మా వాడు రోజూ కాస్త కోసుకుంటూ పోతున్నాడయ్యా, రేపు మిగిలింది నీకు కనెక్షన్‌తో సహా ఇచ్చేస్తాను అన్నాడు.

మూడో ఎండాకాలంలో ఫిర్యాదు మారింది. బొమ్మ మసకగా ఉంటోందన్నాడు. దానికీ కారణం సిద్ధంగానే ఉంది. వెనక తలుపు విప్పి చూస్తే ట్యూబుల ముందున్న ద్రవం నిజంగానే మబ్బు పడింది, ఆకుపచ్చ ట్యూబు ముందు నాచులాంటి పొర కూడా కట్టింది. పాతది తీసి, కడిగి, కొత్తది పోశాను. స్విచ్ వేస్తే బొమ్మ ధగధగా వెలిగింది. అమ్మ కళ్లు చికిలించి, కొంచెం తగ్గించమంది. నాన్న ఇంకొంచెం పెంచమన్నాడు.

ఒకే తెరను ఒకే గదిలో చూస్తూ ఇద్దరు మనుషులు రెండు మాటలు చెప్పారు. నేను గదిలో వెలుతురు ఎక్కువైందని రాసుకుని, కిటికీకి మందపాటి దుప్పటి కట్టాను. చీకటి చేసిన ఆ గదిలో లేచి నడవబోయి నాన్న స్టూలు మీద పడ్డాడు. స్టూలు దారిలో పెట్టినందుకు అమ్మను కసిరాను.

ఆ తర్వాతి ఆదివారం మళ్లీ రంగులు కలపడానికి కూర్చున్నాను. ఈసారి అంచుల్లో వెలుగు ఎంత తగ్గుతోందో తేల్చాలనుకున్నాను. నాన్నను కుర్చీలో కూర్చోబెట్టి, గళ్ల బొమ్మ తెప్పించాను. నిలువుగా పదమూడు గీతలు, ఏడోది సరిగ్గా మధ్యలో. కన్ను కదిలితే పోలిక తప్పుతుంది కాబట్టి మధ్య గీతనే చూస్తూ ఉండమని చెప్పాను. నేను తెర పక్కన నిలబడి, ఎడమ చివరి గీత మీద టెస్టరు మొన పెట్టాను.

"ఈ గీత మసగ్గా ఉందా, మధ్యదాని లాగే ఉందా?"

"ఏ గీత?"

"ఇదిగో, నేను చూపించేది."

"నువ్వెక్కడున్నావు?"

రెండో గీత మీదికి జరిపాను. మూడోది. నాన్న మధ్యలోకే చూస్తున్నాడు. చెప్పిన పని చెప్పినట్టు చెయ్యడం ఆయనకు అలవాటు. నాలుగోది. అయిదో గీత దగ్గర, "ఆఁ, ఇప్పుడు పెట్టావు," అన్నాడు.

నేను అప్పటికి రెండు నిమిషాలుగా తెర మీద మొన పెట్టే ఉన్నాను.

ఆయన్ను లేపి నేను కుర్చీలో కూర్చున్నాను. మధ్య గీతను చూస్తూ ఉంటే పదమూడు గీతలూ, నల్ల పట్టీ, టీవీ చెక్క, పక్కన గోడకున్న క్యాలెండరు, కుర్చీ పక్కన నిలబడిన నాన్న లుంగీ అంచు, అన్నీ ఉన్నాయి. మళ్లీ ఆయన్ను కూర్చోబెట్టి, ఒక కన్ను మూయించి చూశాను. కుడి కన్నుతో అయిదో గీత దాకా. ఎడమ కన్నుతో మధ్య గీత ఒక్కటే.

"ఏమైందిరా? ట్యూబు పోయిందా?" అన్నాడు.

మర్నాడు మొదటి బస్సుకు విజయవాడ తీసుకెళ్లాను. కంటి ఆసుపత్రిలో తెల్లటి గిన్నె లాంటి యంత్రానికి గడ్డం ఆనించి కూర్చోబెట్టారు. మధ్యలో ఉన్న చుక్కనే చూస్తూ ఉండాలి, చుట్టూ ఎక్కడైనా చిన్న వెలుగు మెరిస్తే చేతిలోని మీట నొక్కాలి. తర్వాత ఒక కాగితం వచ్చింది. కనపడని చోటల్లా నలుపు. రెండు కళ్లకూ అంచుల నుంచి లోపలికి వచ్చిన నలుపు, మధ్యలో కొంచెం తెల్లటి జాగా. నేను అలాంటి బొమ్మనే మూడేళ్లుగా మా ముందు గదిలో తయారు చేస్తున్నాను.

డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. గ్లకోమా, మనవాళ్లు నీటికాసులంటారు. కంటి లోపల ఒత్తిడి పెరిగి నరం చచ్చిపోతుంది. నొప్పి ఉండదు. మధ్య చూపు చివరిదాకా నిలుస్తుంది కాబట్టి అక్షరాలు చదవగలుగుతారు, చదువుతున్నారు కదా అని ఇంట్లోవాళ్లు పట్టించుకోరు. పోయింది తిరిగి రాదు. చుక్కల మందుతో ఉన్నదాన్ని నిలబెట్టడానికి ప్రయత్నిస్తాం, రెండేళ్ల ముందు వచ్చి ఉంటే నిలబెట్టడానికి చాలా ఉండేది. అంతా చెప్పి, మొదట ఎప్పుడు తేడా గమనించారని అడిగింది.

నా దగ్గర తేదీ ఉంది. నోటు పుస్తకం సంచిలోనే ఉంది, డాక్టరుకు పనికొస్తుందని తీసుకెళ్లాను. చెప్పడానికి నోరు తెరిచాను.

"ఈ వేసవి నుంచేనండి," అన్నాడు నాన్న.

ఆమె రాసుకుంది. నేను పుస్తకం బయటికి తీయలేదు.

బయట బెంచీ మీద మందుల కోసం కూర్చున్నప్పుడు, అలా ఎందుకు చెప్పావని అడిగాను.

"ఏం చెప్పమంటావురా? మూడేళ్ల నుంచి మా వాడు బాగు చేస్తూనే ఉన్నాడండీ అని చెప్పనా?"

కోపంగా అనలేదు. నవ్వుతూ కూడా అనలేదు. నన్ను కాపాడటానికి అన్నాడో, నేనేం చేశానో తనకు తెలుసని చెప్పడానికి అన్నాడో, ఈ రోజుకీ తేల్చుకోలేదు. అడగలేదు.

ఆ వారమే బొమ్మను మళ్లీ నలభై నాలుగు అంగుళాలకు పెంచేశాను. ఎందుకు పెంచానో చెప్పలేను. నాన్న ఆ తర్వాత ఆ టీవీ గురించి ఒక్క ఫిర్యాదు కూడా చెయ్యలేదు. బాగుందా అంటే బాగుందన్నాడు. స్కోరు కనపడుతోందా అంటే కనపడుతోందన్నాడు. రెండేళ్లకు నీలం ట్యూబు పోయి, మనుషులంతా పసుపు రంగులోకి మారినప్పుడు కూడా బాగుందనే అన్నాడు.

చుక్కల మందు నేనే వేస్తాను, పొద్దున ఏడింటికీ సాయంత్రం ఏడింటికీ. ఒక్క పూట తప్పలేదు. అయినా నలుపు ఆగలేదు. నాలుగు నెలలకోసారి ఆ గిన్నె యంత్రం ముందు కూర్చోబెడతారు. కిందటిసారి కాగితంలో నలుపు ఉన్నట్టుండి తగ్గింది. పాత కాగితం పక్కన పెట్టి రెండుసార్లు చూశాను. పరీక్ష చేసే ఆవిడ నన్ను పక్కకు పిలిచి చెప్పింది: మధ్య మధ్యలో యంత్రం ఊరికే శబ్దం చేస్తుంది గాని వెలుగు వెయ్యదు, నిజంగా చూసి నొక్కుతున్నారో లేదో తెలుసుకోవడానికి. మీ నాన్నగారు వాటన్నిటికీ నొక్కేస్తున్నారు, ఈ కాగితం పనికిరాదు.

తిరుగు బస్సులో అడిగాను.

"కనపడకపోతే నొక్కకు నాన్నా."

"నొక్కకపోతే నల్లగా వస్తుందన్నావు గదరా."

"నల్లగా వస్తేనే గదా డాక్టరమ్మకు తెలిసేది."

"తెలిసి?"



మొన్న మళ్లీ వెళ్లాం. లోపలికి పంపే ముందు, చూసినప్పుడే నొక్కమని ఇంకోసారి చెప్పాను. అలాగేలే అన్నాడు. ఆ గదికి తలుపు లేదు, నల్లటి కర్టెను మాత్రం ఉంది. ఇవతల కుర్చీలో కూర్చుంటే మీట చప్పుడు వినపడుతుంది. ఆ యంత్రం వెలుగును సమానమైన వ్యవధిలో వెయ్యదు, ముందుగా ఊహించి నొక్కకుండా ఒకసారి తొందరగా, ఒకసారి ఆలస్యంగా వేస్తుంది. ఆ సంగతి పరీక్ష చేసే ఆవిడ దగ్గరే తెలుసుకున్నాను. వాచీ చూసుకుంటూ విన్నాను. నాన్న రెండు సెకన్లకోసారి నొక్కుతున్నాడు. టక్. టక్. టక్. ఎక్కడా తప్పలేదు.